కొళాయి వదిలేసిందెవరు

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్
24 మే 2011

చి.సౌ. నళినికి నాన్న దీవెనలు.

క్షేమంగా దిగాను. రాలీ ఎయిర్‌పోర్టులో నువ్వు నా మొహం చూడకుండా పార్కింగ్ టికెట్టు కోసం బ్యాగంతా వెతికావు. టికెట్టు నీ చేతిలోనే ఉంది తల్లీ. కోపం వస్తే మీ అమ్మ కూడా ఇంతే, తాళాలగుత్తి బొడ్డున దోపుకుని ఇల్లంతా వెతికేది.

ఆర్నెల్లు మీ ఇంట్లో మహారాజులా ఉన్నాను. ఆ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే "మా ఇంట్లో నీకేం తక్కువైంది?" అన్నది నీ నాలుక చివర ఉందని నాకు తెలుసు. ఏమీ తక్కువ కాలేదు. శనివారం వస్తే అల్లుడుగారు నన్ను క్యారీ స్టేషన్‌లో దింపేవారు కదా. వచ్చే రైలునీ పోయే రైలునీ చూసి తిరిగి వచ్చేవాణ్ణి. బిట్రగుంటలో గార్డుగా చేసినన్నాళ్ళూ చివరిపెట్టెలోనే తిరిగాను. గార్డుకు దాటిపోయిన ఊళ్ళే కనిపిస్తాయి, రాబోయే ఊరు కనిపించదు. ఎప్పటికైనా కిటికీ పక్కన ప్యాసింజరులా కూర్చుని రాబోయే ఊళ్ళు చూడాలని నాకూ మీ అమ్మకూ ఉండేది. ఆమెకు కుదరలేదు. నాకు కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి.

క్యారీ స్టేషన్‌లో వాలంటీరుగా కూర్చునే పెద్దాయనే ఈ సంఘం సంగతి చెప్పాడు. రైల్వేలో రిటైరైనవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఒకరి ఊరికి ఒకరు వెళితే ఇంట్లోనే దింపుకుంటారు, డబ్బు మాట ఉండదు. ఉన్న నియమం ఒకటే: నీ తలుపు తట్టినవాళ్ళకు నువ్వూ తలుపు తియ్యాలి. వీసా కోసం వాషింగ్టన్ వెళ్ళినప్పుడు నీతో గుడికని చెప్పాం. అల్లుడుగారిని ఏమీ అనకు, బలవంతపెట్టింది నేనే.

ఇక్కడ నన్ను దింపుకున్నాయన సిగ్నల్ మెకానిక్‌గా రిటైరయ్యాడు. నేను వచ్చి కాఫీ తాగానో లేదో, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి భార్యాభర్తలు సైకిళ్ళెక్కి ఎక్కడికో వెళ్ళిపోయారు. ఊరూ పేరూ తప్ప నా గురించి వాళ్ళకేమీ తెలియదు. వాళ్ళు వచ్చేదాకా ఆ తాళంచెవి పట్టుకుని హాల్లోనే కూర్చున్నాను. వేరే గదిలోకి వెళ్ళడానికి కూడా మనసొప్పలేదు.

ఒకరింట్లో ఉంటూ వాళ్ళ ఫోనూ కంప్యూటరూ అడగడం నాకు మొహమాటం. ఉత్తరాలే రాస్తాను. నువ్వు రాసేది ఆస్ట్రియాలో విల్లాక్ అనే ఊరి అడ్రసుకు రాయి, కింద రాశాను. రైల్వే జంక్షను, మన బిట్రగుంటకు పెద్దన్న. జూన్‌లో అక్కడుంటాను. ఆరుష్‌కి తాతయ్య ముద్దులు.

నాన్న, మల్లికార్జునరావు

*

క్యారీ, నార్త్ కరొలైనా
2 జూన్ 2011

నాన్నా,

నమస్కారాలు. శ్రీధర్‌ని ఏమీ అనొద్దన్నావు. అనకుండా ఎలా ఉంటాను? రెండు రోజులు మాట్లాడలేదు. గుడికెళ్ళినవాళ్ళు ప్రసాదం తేలేదేమిటా అని ఆ రోజే అనుకున్నాను.

నిజం చెప్పనా? నాకు తల కొట్టేసినట్టుంది. మొన్న శాంతి వాళ్ళింట్లో పాట్‌లక్. శాంతి గుర్తుంది కదా, మన వెనక వీధి, వాళ్ళ వేద, ఆరుష్ ఒకే బస్సులో వెళతారు. "అంకుల్ ఇండియా వెళ్ళిపోయారా?" అంది. యూరప్‌లో ఆగారన్నాను. "అవునా! ఏ హోటల్లో దిగారు?" అంది. అప్పటికి అందరూ ప్లేట్లు పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఏమని చెప్పను? ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళలో పడుకుంటున్నాడని చెప్పనా? కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ తండ్రికో హోటల్ గది బుక్ చేయలేకపోయారా అనుకోరూ?

అందుకని కండక్టెడ్ టూర్‌లో వెళ్ళావని చెప్పేశాను. వంటవాణ్ణి కూడా బస్సులో వెంట తీసుకెళతారే, ఆ రకం టూర్. పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ అన్నాను. రూమ్‌మేట్ హైదరాబాద్ నుంచి వచ్చిన రిటైర్డ్ ప్రొఫెసరని కూడా నోటికొచ్చింది. ఆయన పేరు రాఘవులుగారట. ఎక్కణ్ణుంచి వచ్చాడో నాకే తెలియదు. శాంతికి ఇదంతా ఎంత నచ్చిందంటే, తన అత్తమామల్ని కూడా పంపిస్తానని టూర్ కంపెనీ నంబర్ అడుగుతోంది. వెతికి ఇస్తానని తప్పించుకు తిరుగుతున్నాను.

నాన్నా, నీకు పుణ్యముంటుంది. ఎక్కడైనా ఇండియన్స్ గుంపు కనిపిస్తే పక్కన నిలబడి ఒక్క ఫోటో తీయించుకుని పంపు. స్వెట్టర్ వేసుకో. మందులు మానకు.

నళిని

*

విల్లాక్, ఆస్ట్రియా
14 జూన్ 2011

చి.సౌ. నళినికి,

నీ ఉత్తరం నాకంటే ముందే వచ్చి కూర్చుంది. చదివి నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ప్రొఫెసర్ రాఘవులుగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన గురక పెట్టకుండా ఉంటే అదే పదివేలు.

ఫోటో కోసం ప్రయత్నించకపోలేదు. నీ ఉత్తరం చదివిన సాయంత్రమే ఈ ఊరి పెద్ద చర్చి ముందు గుజరాతీ గుంపొకటి కనిపించింది, వంటవాడితో సహా. నీ కోసం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒకావిడ మెంతికూర రొట్టెలు రెండు చేతిలో పెట్టి "రండి భాయ్, ఫోటోలోకి రండి" అంది. తీరా కెమెరా ఎత్తేసరికి నేను పక్కకు తప్పుకున్నాను. వాళ్ళ రొట్టె తిని వాళ్ళ ఫోటోతో అబద్ధం ఆడటం నావల్ల కాలేదు. ఏమనుకోకు.

ఇక ఇక్కడి సంగతి. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాయకపోతే నేనింకా ఇక్కడే ఎందుకున్నానో నీకు అర్థం కాదు. నన్ను దింపుకున్నావిడ పేరు ఎల్ఫ్రీడ. భర్త ఇంజను డ్రైవరు, పోయి చాలా ఏళ్ళయింది. యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం ఈ ఊళ్ళో చాలాకాలం ఉందట. చిన్నప్పుడు వాళ్ళ దగ్గర పట్టుకున్న ఇంగ్లీషుతో నాతో మాట్లాడుతుంది. నా ఇంగ్లీషూ అదే బాపతు కాబట్టి మాకు బాగానే కుదిరింది.

వచ్చిన మర్నాడు స్నానానికి వెళ్ళాను. వీళ్ళ తొట్టె పాతకాలంది, అంచు ఎత్తు. నా మోకాలు ఎక్కనివ్వలేదు. గచ్చే కదా అని కిందనే నిలబడి, వంటింట్లో అడిగి తెచ్చుకున్న గిన్నెతో శుభ్రంగా తలంటుకున్నాను. మన స్నానాలగదిలా మూలన తూము ఉంటుందనుకున్నాను. లేదు. నీళ్ళన్నీ గచ్చు సందుల్లోంచి కింది అంతస్తులోకి దిగి, అక్కడ కాపురముండే ఆయన మంచం మీద పడ్డాయట. ఆయన పైకొచ్చి తలుపు బాదుతుంటే కంగారుపడి కాలు జారాను. చీలమండ బెణికింది.

తువ్వాలు చుట్టుకుని తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఆయన అరుపులు జర్మన్‌లోనే అయినా తిట్లు ఏ భాషలోనైనా తెలుస్తాయి. ఎల్ఫ్రీడగారు ఏదో మెల్లగా చెబుతోంది, ఆయన మళ్ళీ ఆమె మీదే అరుస్తున్నాడు. వెళ్ళాక ఆమెను అడిగాను, ఏం చెప్పారని. "కొళాయి వదిలేసింది నేనే అని చెప్పాను. ముసలిదాన్ని, మర్చిపోయాను అన్నాను" అంది. "చేసింది నేనైతే మీరెందుకు పడాలి?" అన్నాను. "మీరు నాలుగు రోజులుండి పోయేవారు. నా ఇంటికొచ్చిన మనిషి ఈ మెట్ల మీద తలదించుకుని దిగకూడదు" అంది. తర్వాత కాలికి కట్టు కట్టింది.

అమ్మలూ, భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. అప్పట్నుంచీ ఆ కింది ఆయన మెట్ల మీద నాకు నమస్కారం పెడుతున్నాడు, ఆమెకు మాత్రం పెట్టడం లేదు.

కాలు తగ్గేదాకా కదలొద్దంది. ఇంకో పదిరోజులు ఇక్కడే. ఆగస్టులో ఆమె అమెరికా వస్తోంది, షార్లెట్‌లో చెల్లెలి కూతురుందట. రైలు మీ ఊరి మీదుగానే పోతుంది. "అయితే మా ఇంట్లో దిగి తీరాలి, మా అమ్మాయి ఇల్లంటే మా ఇల్లే" అని మీ అడ్రసు రాసిచ్చాను.

నాన్న

*

క్యారీ
23 జూన్ 2011

నాన్నా,

నీ కాలు ఎలా ఉంది? ఎక్స్‌రే తీయించావా?

ఇంకోటి అడగాలి. ఎలా అడగాలో తెలియక మూడుసార్లు రాసి చింపాను. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఆవిడా నువ్వేనా? నాలుగు రోజులన్నది పదిహేను రోజులైంది. కాలికి కట్టు కట్టింది, వంట చేసి పెడుతోంది, ఇప్పుడు మా ఇంటికి వస్తోంది. నేను తప్పుగా అనుకుంటున్నానని కాదు. నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించావా అని. అమ్మ పోయి మూడేళ్ళే అయింది. శ్రీధర్‌తో అంటే నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

నన్ను ఒక్కమాట అడగకుండా నా ఇంటికి పిలిచావు. ఇక్కడ అందరికీ నువ్వు గుంపుతో టూర్‌లో ఉన్నావని చెప్పాను. ఆవిడ వచ్చి నిలబడితే ఎవరని చెప్పను? శాంతి నిన్న కూడా రాఘవులుగారి ఆరోగ్యం అడిగింది. నా అబద్ధాలు నేనే గుర్తుపెట్టుకోలేక చస్తున్నాను.

కాలు నెమ్మదించగానే బయల్దేరి కావలి వెళ్ళిపో నాన్నా. ఇక చాలు.

నళిని

*

కావలి
12 జూలై 2011

చి.సౌ. నళినికి,

నీ ఉత్తరం విల్లాక్ చేరేసరికి నేను బయల్దేరిపోయాను. ఎల్ఫ్రీడగారు దాన్ని ఇంకో కవర్లో పెట్టి, విప్పకుండా, ఇక్కడికి పంపింది. పైన ఆమె చేతిరాతలో "మీ అమ్మాయి ఉత్తరం, ఎదురుచూస్తుంటారని" అని ఉంది. లోపల నువ్వు ఆమె గురించి రాసినదుంది. రెండూ ఒకేసారి చదివాను.

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను. ఆ ఇంట్లో ఆమె, నేను, ఒక ముసలి పిల్లి. పొద్దున ఆమె రొట్టె కోసేది, నేను టీ కాచేవాణ్ణి. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని యార్డులో గూడ్సు బళ్ళు లెక్కపెట్టేవాళ్ళం. ఆమె వాళ్ళాయన సంగతులు చెప్పేది, నేను కోటమ్మ సంగతులు చెప్పేవాణ్ణి. మీ అమ్మ గురించి ఇంత తీరిగ్గా ఆమె పోయాక ఎవరూ నన్ను అడగలేదు. నువ్వూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిన్ను తప్పుపట్టడం లేదు, ఉద్యోగం, పిల్లాడు, నీకు ఊపిరాడదు. అంతకు మించి నా దగ్గర చెప్పడానికేమీ లేదు. అరవై ఏడేళ్ళ వయసులో కూతురికి ఇలాంటి సంజాయిషీ రాసుకోవలసి వస్తుందనుకోలేదు.

అడక్కుండా పిలవడం నా పొరపాటే. అది నీ ఇల్లు, నాది కాదు. ఆమె ఎదుట గొప్పకు పోయి "మా ఇల్లే" అనేశాను. కానీ టికెట్లు కొనేసింది. న్యూయార్క్ నుంచి రైల్లో ఆగస్టు పదకొండున మీ ఊళ్ళో దిగుతుంది, నాలుగు రోజులుంటుంది. నేను పడుకున్న గది ఆమెకివ్వు. ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు, పొద్దున రొట్టె, టీ చాలు. నీ స్నేహితులకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నేను అక్కడ మాట ఇచ్చి వచ్చాను, ఆ మాట ఇప్పుడు నీ చేతిలో ఉంది. బతికుండగా నిన్ను ఇంకేమీ అడగను.

నాన్న

*

క్యారీ
24 జూలై 2011

నాన్నా,

క్షమించు. అలా రాయాల్సింది కాదు. నీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని చదివాను, మీటింగ్‌కి లేటయ్యాను.

ఆవిడని రానీ. నీ గదే ఇస్తాను, కొత్త దుప్పట్లు కూడా కొన్నాను. పన్నెండున వరలక్ష్మీవ్రతం, ఇరవైమందిని పిలిచాను. అయినా చూసుకుంటాను, నువ్వేం బెంగపెట్టుకోకు. మాట ఇస్తున్నాను.

నళిని

*

కావలి
12 ఆగస్టు 2011

చి.సౌ. నళినికి,

ఇవాళ వరలక్ష్మీవ్రతం. పక్కింటివాళ్ళు పూర్ణాలు పంపారు. తింటూ నువ్వే గుర్తొచ్చావు. ఈపాటికి ఎల్ఫ్రీడగారు నా గదిలో దిగి ఉంటుంది. కిటికీలోంచి ఆ పైన్ చెట్లు చూస్తూ ఉంటుంది. నీ పూజ సందడంతా చూసి ఏమిటి, ఎందుకని ఆరుష్‌ని వేధిస్తూ ఉంటుంది, ఆమెకు అన్నీ కావాలి.

తలుపు వెనక తువ్వాలుతో నిలబడ్డ రోజు నుంచీ మనసులో ఏదో ముల్లులా ఉండేది. ఇవాళ అది లేదు. ఆమె నా పరువు కాపాడింది, నువ్వు నా మాట కాపాడావు. ఆడపిల్లను కన్నందుకు గర్వంగా ఉంది తల్లీ. ఇది చెప్పడానికే రాస్తున్నాను, వేరే విశేషం లేదు.

నాన్న

*

క్యారీ
14 ఆగస్టు 2011

నాన్నా,

ఈ ఉత్తరం చదివాక నువ్వు నాతో మాట్లాడకపోయినా నేనేమీ అనలేను.

గురువారం స్టేషన్‌కి నేనే వెళ్ళాను. ఆవిడ రైలు దిగి, నన్ను చూడగానే, "మీ నాన్న ముక్కు" అని నవ్వింది. నేనూ నవ్వాను. కార్‌లో కూర్చున్నాక నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: ఇంట్లో పూజ, చుట్టాలు దిగారు, గదులు ఖాళీ లేవు, మంచి మోటెల్‌లో రూమ్ బుక్ చేశాను అని. నిజంగానే బుక్ చేసి ఉంచాను, ముందురోజే. ఒక్క చుట్టమూ దిగలేదు నాన్నా. నీ గదిలో కొత్త దుప్పట్లు మడత కూడా విప్పకుండా ఉన్నాయి. శ్రీధర్ టూర్ మీద డాలస్‌లో ఉన్నాడు, ఉంటే నన్ను ఈ పని చేయనిచ్చేవాడు కాదు. ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాను. వ్రతం అయిపోయి, అందరూ వెళ్ళిపోయాక శనివారం పొద్దున ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను. నువ్వు నమ్మకపోవచ్చు.

శుక్రవారం సాయంత్రం ఇల్లంతా పట్టుచీరలు. తాంబూలాలు ఇస్తున్నాం. బెల్ మోగితే శాంతి తలుపు తీసింది. గుమ్మంలో ఆవిడ. నువ్వు రాసిచ్చిన అడ్రస్ కాగితం పట్టుకుని మోటెల్ నుంచి నడిచి వచ్చింది. ఆ రోడ్డు నీకు తెలుసు కదా, సగం దూరం ఫుట్‌పాతే లేదు, ఎండ మండిపోతోంది, ఎవరూ నడవరు. మొహం ఎర్రగా కందిపోయింది. ఒక చేతిలో ఆప్రికాట్ జామ్ సీసా, ఇంకో చేతిలో నువ్వు అక్కడ మర్చిపోయిన మఫ్లర్.

"ఎవరే?" అంది శాంతి. నేను పరుగెత్తుకొచ్చి, ఆవిడ మొహం చూస్తూ, ఇంగ్లీష్‌లోనే చెప్పాను, ఆరుష్‌కి పియానో నేర్పే టీచర్ అని.

ఆవిడకి ఇంగ్లీష్ వచ్చని నువ్వు రాశావు. రాయకపోయినా నాకు తెలుసు, ముందురోజు అరగంట మాట్లాడింది నాతో. ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత మఫ్లర్ మడిచి సంచిలో పెట్టేసుకుంది. "అవును, ఆరుష్ బాగా నేర్చుకుంటున్నాడు, చెబుదామని వచ్చాను" అంది శాంతితో.

శాంతి ఊరుకుంటుందా? "పండగపూట గుమ్మంలోకి వచ్చారు, ఊరికే పంపుతామా!" అని చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చింది. జాకెట్టుముక్క, అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు. "మా వేదకి కూడా నేర్పుతారా?" అని అడిగింది. ఆవిడ చాలా మర్యాదగా "క్షమించాలి, ఈ ఏడాది నాకు ఖాళీ లేదు" అంది. ఎవరో కీబోర్డ్ చూపించి ఏదైనా వాయించమన్నారు. ఇవాళ వేళ్ళు నొప్పిగా ఉన్నాయంది. నాన్నా, నేను హారతిపళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరమే నా కళ్ళముందు జరుగుతోంది. నీ కోసం ఒకసారి, నా కోసం ఒకసారి. నీది తెలియక జరిగింది, నాది తెలిసి చేశాను.

కాసేపుండి తనే వెళ్ళిపోయింది. కార్‌లో దింపుతానని గుమ్మం దాకా వెళ్ళాను. "మీ అతిథులున్నారు, లోపలికి వెళ్ళండి" అంది. కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

నిన్న పొద్దున మోటెల్‌కి వెళితే రూమ్ ఖాళీ చేసేసింది. స్టేషన్‌కి వెళ్ళాను. నువ్వు శనివారాలు కూర్చునే బెంచీ మీదే కూర్చుని ఉంది. రెండు రోజులు ముందుకు టికెట్ మార్చుకుందట. పక్కన కూర్చుని ఏడ్చేశాను. "నాది తప్పు. పండగ రోజు అని తెలిసి కూడా చెప్పకుండా వచ్చాను" అంది. అదీ తనమీదే వేసుకుంది. ఇంటికి రమ్మని బతిమాలాను. "చెల్లెలి కూతురికి ఫోన్ చేసేశాను, అక్కడ స్టేషన్‌కి వస్తుంది" అంది. తర్వాత సంచిలోంచి శనగల పొట్లం తీసి, "ఇవి పచ్చివే తినాలా, ఉడికించాలా? నిన్న అడగలేకపోయాను" అంది. పచ్చివే తినొచ్చన్నాను. ఇద్దరం ఆ బెంచీ మీద కూర్చుని తిన్నాం. రైలు వచ్చింది. మఫ్లర్ నా మెడలో వేసి ఎక్కేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా శాంతి ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. టూర్, రాఘవులుగారు, పియానో టీచర్, అన్నీ. నలుగురూ ఏమనుకుంటారో అని ఇన్నాళ్ళూ నేను భయపడ్డ ఆ నలుగురిలో మొదటిది శాంతే కదా. ఏమందో తెలుసా? "అయ్యో నళినీ, కాలు విరిగితే అంకుల్‌ని చూసుకున్న మనిషా ఆవిడ? చెప్పుంటే మా గెస్ట్ రూమ్‌లో ఉంచుకునేదాన్ని కదే! జాకెట్టుముక్క చేతిలో పెట్టి పంపించానే, చీర పెట్టేదాన్ని కదా!" అంది. నీ కాలు విరగలేదు, బెణికిందంతే అని సరిదిద్దను కూడా లేదు.

నువ్వు బతికుండగా ఇంకేమీ అడగనన్నావు. అడిగిన ఆ ఒక్కటీ నేను చేయలేదు.

నళిని

*

కావలి
27 ఆగస్టు 2011

చి.సౌ. నళినికి నాన్న దీవెనలు.

దీవెనలు అలవాటుగా రాయలేదు, ఆలోచించే రాశాను.

నీ ఉత్తరం అందింది. పూర్ణాలు తింటూ నేను రాసిన ఉత్తరం కూడా నీకు ఈపాటికి అంది ఉంటుంది. దాన్ని చించెయ్యి. నాకు కోపం వచ్చింది, రాలేదంటే అబద్ధం. నా గది ఖాళీగా ఉండగా ఆమె మోటెల్లో పడుకుందన్న చోట ఉత్తరం మడిచి లేచి వెళ్ళిపోయాను. మర్నాడు గానీ మిగతాది చదవలేకపోయాను. ఆ ఎండలో, ఆ రోడ్డు పక్కన, డెబ్భై దాటిన మనిషి నా మఫ్లర్ పట్టుకుని నడిచి వచ్చింది. అది నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. పోకూడదు కూడా.

రెండు రోజులు నిన్నే తిట్టుకున్నాను. మూడోరోజు తిట్టడానికి ఓపిక లేక ఆలోచించాను. మనవాళ్ళకొక జబ్బుంది. రైల్లో పరిచయమైనవాణ్ణి కూడా "మా ఇంటికి రండి" అనకుండా వదలం. వస్తాడని అనం, అనకపోతే బాగుండదని అంటాం. నేను మాత్రం ఆమె నిజంగా రావాలనే అన్నాను. అయితే గొప్పగా పిలిచింది నేను, తలుపు తియ్యవలసింది నువ్వు. నీ గుమ్మం అవతల నీకెన్ని భయాలున్నాయో నేను కనుక్కోలేదు. ఆర్నెల్లు నీ ఇంట్లో ఉండి కూడా కనుక్కోలేదు. రైళ్ళు చూడటానికి పోయేవాణ్ణి.

శాంతికి చెప్పావు, మంచిపని. ఎల్ఫ్రీడగారు షార్లెట్ నుంచి కార్డు రాసింది. నీ ఇల్లు చాలా అందంగా ఉందని, పండగ చూసే అదృష్టం కలిగిందని, నువ్వు స్టేషన్‌కి వచ్చి సాగనంపావని. అంతే. మోటెల్ మాట లేదు, పియానో మాట లేదు. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆమెకు జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. క్షమించమని రాద్దామంటే, ఆమె దాచిన మాట నేను బయటపెట్టినట్టవుతుంది. ఏమీ తెలియనట్టు థాంక్స్ రాద్దామంటే చెయ్యి రాలేదు. చివరికి రెండే వాక్యాలు రాసి, ఇవాళ పొద్దున పోస్టు చేసి వచ్చాను. నీకూ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

"కొళాయి వదిలేసింది నేనే. కింద తడిసింది మా అమ్మాయి ఇల్లు."

ఆమెకు అర్థమవుతుంది.

నాన్న